సంవత్సరాల నడుమ నాదం

నాదం ద్వివిధమని మన సంగీతశాస్త్రం చెబుతుంది. తాడనం వలన పుట్టి చెవికి వినబడేది ఆహతం. ఏ తాడనమూ లేకుండా యోగి హృదయాకాశంలో భాసించేది అనాహతం. 13వ శతాబ్దంలో సంగీతరత్నాకరాన్ని రచించిన శార్ఙ్గదేవుడు స్వరాలను వివరించడానికి ముందే శరీరోత్పత్తిని, నాదోత్పత్తిని విచారించాడు. నాదాన్ని తెలుసుకోవడం తనను తాను తెలుసుకోవడానికి ఒక ద్వారమని మన పూర్వుల విశ్వాసం. ఆ ద్వారం చెంత నాకు కలిగిన ఒక అనుభవాన్ని జిజ్ఞాసువులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం. అది దేవాలయంలోనో సంగీతసభలోనో కలిగినది కాదు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో, క్రిస్మస్ సెలవులలో, విద్యుత్తుతో పలికే యంత్రాల మధ్య కలిగినది.

ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు ఆ నగరంలో నివసించాను. డిసెంబరు 25, 26 తేదీలు అక్కడ సెలవుదినాలు. అంగళ్ళు మూతపడతాయి, వీధులు నిశ్శబ్దమౌతాయి. క్రిస్మస్‌కూ నూతన సంవత్సరానికీ మధ్య గల దినాలను జర్మనులు ‘సంవత్సరాల నడుమ’ అని వ్యవహరిస్తారు. ఆ మాట వినగానే నాకు మన సంధ్యాకాలం స్ఫురించింది. పగలూ కాక, రాత్రీ కాక ఉండే వేళ జపానికి ప్రశస్తమని మనవారు అన్నట్లే, పాత ఏడూ కొత్త ఏడూ కాని ఆ వారం రోజులను నాతో పనిచేసే ఒక పెద్దమనిషి నాదానికి కేటాయించుకున్నాడు. కుటుంబ విందులు ముగిశాక ఆయన, మరి ముగ్గురు మిత్రులు తమ మాడ్యులర్ సింథసైజర్లతో ఒక గదిలో చేరేవారు. ఒక సంవత్సరం నన్నూ ఆహ్వానించారు.

ఈ వాద్యం చరిత్ర దీర్ఘమైనది కాదు. 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ దీనికి రూపకల్పన చేశాడు. ఇంచుమించు అదే కాలంలో పడమటి తీరాన డాన్ బుక్లా స్వతంత్రంగా మరొకటి నిర్మించాడు. 1968లో వెండీ కార్లోస్ బాఖ్ కృతులను మూగ్ యంత్రంపై పలికించిన పిదప లోకమంతా దీని పేరు విన్నది. 1969 నాటికే అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థకు ఒక మూగ్ యంత్రం చేరింది. 1990ల మధ్యభాగంలో మ్యూనిక్ సమీపాన ఉన్న డోఫ్ఫర్ సంస్థ చిన్న పరిమాణపు మాడ్యూళ్ళను ప్రవేశపెట్టగా, ఆ కొలతే నేడు ప్రపంచమంతటా అనుసరణీయమైంది.

ఇందులో ప్రతి మాడ్యూలుకూ ఒక్కటే ధర్మం. ఒకటి కంపనాన్ని పుట్టిస్తుంది, ఒకటి వడపోస్తుంది, ఒకటి హెచ్చుతగ్గులను నిర్ణయిస్తుంది. వాటిని తీగలతో కలిపేదాకా నాదం లేదు. కలిపిన వెంటనే శ్రుతి కూడా కుదరదు. పాత పద్ధతి ఆసిలేటర్లు వేడిమికి చలించేవి గనుక, మీట వేసి అరగంట వేచి ఉండాలి. ఆ అరగంటసేపు ఆ నలుగురూ దాదాపు మౌనంగానే కూర్చునేవారు.

మొదటి సాయంత్రమే ఆ పెద్దమనిషి నాకొక ప్రయోగం చూపించాడు. ఆసిలేటరును అతి మందంగా నడిపితే, సెకనుకు రెండుసార్లు టక్కు టక్కుమనే శబ్దం వినిపించింది. అది లయ. నాబ్‌ను మెల్లగా తిప్పుతూ వేగం పెంచాడు. సెకనుకు సుమారు 20 కంపనాలు దాటేసరికి ఆ దెబ్బలు ఒకదానిలో ఒకటి లీనమై మంద్రస్వరంగా మారాయి. లయ ఎక్కడ అంతమైందో, స్వరం ఎక్కడ ఆరంభమైందో చెప్పలేకపోయాను. యంత్రంలో మారినది వేగమొక్కటే. రెండు పేర్లు పెట్టినది నా శ్రవణేంద్రియం. అదే విద్యుత్తును మరొక రంధ్రంలో చేరిస్తే నాదంగా గాక నియామకంగా పనిచేస్తుంది: ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి లేస్తుంది. శాసించేదీ శాసింపబడేదీ ఒకే పదార్థం. మృత్తిక ఒక్కటే సత్యమనీ, కుండ మొదలైనవి నామమాత్రాలనీ ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చేసిన బోధను బాల్యం నుండి వింటూనే ఉన్నాను. చెవితో వినడం అదే ప్రథమం.

రెండవ పాఠం వడపోతది. సకల పౌనఃపున్యాలూ సమానంగా నిండిన శబ్దాన్ని వైట్ నాయిస్ అంటారు. అది జలపాతపు హోరులా ఉంటుంది. ఫిల్టరుతో ఒక్కొక్క అంశాన్ని తొలగిస్తూ పోతే ఆ హోరులోంచి గాలి ఈల వంటి స్వరం తేలుతుంది. చేర్చినది ఏమీ లేదు, తీసివేయడమే జరిగింది. బృహదారణ్యకంలోని ‘నేతి నేతి’ ప్రక్రియకు ఇంతకంటే సులభమైన ఉపమానం నాకు దొరకలేదు. ఉపమానానికి హద్దు ఉన్నదని కూడా చెప్పాలి. ఫిల్టరు చివర మిగిలేది మరొక దృశ్యవస్తువే, ఆత్మ కాదు. ఈ నాదం ఎంత సూక్ష్మమైనా ఆహతమే.

ఆ సంవత్సరం శ్రావణమాసంలో మా అమ్మగారు పరమపదించారు. ఏటిసూతకం వలన మాకు పండుగలు లేవు. ఆమె ప్రాతఃకాలంలో శ్రుతిపెట్టె ముందు కూర్చుని త్యాగరాజ కీర్తనలు పాడుకునేవారు. ఆ గానం కొంత నా ఫోనులో భద్రంగా ఉన్నా, నాలుగు నెలలుగా వినే ధైర్యం కలగలేదు. డిసెంబరు 28 రాత్రి మూడు ఆసిలేటర్లను నాకు అప్పగించి, ఏదైనా ప్రయత్నించమన్నారు. అమ్మ పాడే అయిదు శ్రుతిలో షడ్జం, పంచమం, తారషడ్జం కలిపాను. అవి పూర్తిగా ఏకీభవించక స్వల్పంగా ఊగసాగాయి. అచ్చంగా ఆ శ్రుతిపెట్టె ఊపిరి. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ కూర్పును అలాగే ఉంచమని ఆయనను కోరాను. మూడు దినాలు ఉంచారు. కాని డిసెంబరు 31 రాత్రి తీగలన్నీ తీసివేయడం వారి నియమం. “ఫోటో తీసుకోండి, కావాలంటే రికార్డు చేసుకోండి. కాని నాబ్ వెంట్రుకవాసి జరిగినా, గది వేడి మారినా ఇది తిరిగి రాదు. మీ తీగలు మీరే తీస్తే మంచిది” అన్నారాయన. నేను రికార్డు చేయలేదు. మొదట తారషడ్జం తీగ తీశాను, తరువాత పంచమం, చివరకు ఆధారషడ్జం. నాదం పోయింది. నాదం పోయిందని ఎరిగినది మాత్రం పోలేదు. సాక్షి అనే పదాన్ని వ్యాఖ్యానాలలో ఎన్నోసార్లు చదివాను. ఆ క్షణంలో దానికి వ్యాఖ్యానం అవసరం కాలేదు. దుఃఖం తొలగిందని చెప్పను. మరునాడు ఉదయం అమ్మ పాటను చివరిదాకా వినగలిగాను, అంతే.

ఈ వాద్యం వైరాగ్యాన్నే నేర్పుతుందని భ్రమించరాదు. పెట్టెలో ఒక ఖాళీ కనబడితే మరొక మాడ్యూలు కొనాలనిపించడం ఈ అభిమానులకు సహజరోగం; తృష్ణ ఇక్కడా వృద్ధి చెందుతుంది. ఆ నలుగురూ దాన్ని ఎరిగి నవ్వుకునేవారు. వారిని నిలిపినది ఏడాదికొకసారి అంతా విప్పివేసే ఆ నియమమే.

మన సాధనలోనూ ఇదే పరీక్ష. జపంలో లభించిన ప్రశాంతిని నిన్నటి రూపంలోనే నేడూ కోరుకుంటాం. అది రాకపోతే సాధన చెడిందని కుంగిపోతాం. నిన్నటి కూర్పు నిన్నటిదే. ఆసనం, మంత్రం, శ్రద్ధ ఉన్నాయి కదా; నేడు మళ్ళీ మొదటి నుండి శ్రుతి కలుపుకుందాం. కూర్పు విడిపోయినా విడిపోనిది ఏదో, అది మనలను విడిచి ఎన్నడూ వెళ్ళలేదు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.