సీతమ్మ జింక, ఇప్పచెట్టు ఎలుగు

ఈ అడవిలో వింత జంతువును మొదట చూసింది సీతమ్మ. భద్రాచలానికి 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలం పర్ణశాలలో, బంగారు జింక తిరిగిన చోటు ఇదేనని చూపిస్తారు. వాగులో రాళ్ళ మీది చారలు ఆమె నారచీరలు ఆరేసిన గుర్తులంటారు. పంచవటి మాదేనని నాసిక్ వాళ్ళూ అంటారు గానీ, గోదావరి పొడవునా రాముడికి ఊళ్ళ కరువేముంది! నాకు ఆ కథలో జింక కన్నా దాన్ని చూసిన ముగ్గురే ఇష్టం. ఒకరు కావాలన్నారు, ఒకరు వెంటపడ్డారు, ఒకరు మాత్రం లోకంలో ఇలాంటి జింక ఉండదు, ఇది మారీచుడి మాయ అన్నారు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున ఏ జంతువు కబురు పుట్టినా నేటికీ ఆ ముగ్గురూ హాజరే.

రామకథ ఇక్కడ ఊరూరా ఒక ఆనవాలు వదిలింది. భద్రాచలం పక్కనే ఉన్న ఏటపాకలో జటాయువు రావణుణ్ణి అడ్డగించిందట. తెగిన రెక్క ఎక్కడో దిగువన వి.ఆర్.పురం మండలం రేఖపల్లిలో పడిందట. ఖరదూషణుల 14,000 మంది రాక్షసుల బూడిద మీద దుమ్ముగూడెం వెలిసిందట. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఏటపాక, రేఖపల్లి అటు పోయాయి, పర్ణశాల తెలంగాణలో మిగిలింది. ఇప్పుడు జింకది ఒక రాష్ట్రం, జటాయువుది ఇంకో రాష్ట్రం.

కోయగూడేల కథ వేరు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ కోయల నమ్మకాలను రాసిపెట్టాడు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద తెచ్చిన సంపుటాల్లో అవీ చేరాయి. పులుల మీద పెత్తనం కొర్రరాజు అనే దేవుడిదని అందులో ఉంది. అంటే పులికి ఒక యజమాని ఉన్నాడు. అది పశువుల మీద పడితే మొరపెట్టుకోవడానికి ఒకరున్నారు. భయం లేదని కాదు, ఆ భయానికి ఒక పద్ధతి ఉంది.

ఆ పద్ధతి తెలియనిది రోడ్డు పక్క ఊళ్ళకు. ఏ గొర్రెల దొడ్లోనో రెండు జీవాలు చచ్చిపడి ఉంటాయి. ఎవరో రాత్రి బండి లైటు వెలుగులో నిప్పుల్లాంటి కళ్ళు చూసి ఉంటారు. తెల్లారేసరికి ఫోన్లలో ఫొటో తిరుగుతుంది, జిల్లా పేజీలో ‘వింత జంతువు కలకలం’ అని పడుతుంది. ఆ కళ్ళు చాలాసార్లు మట్టిరోడ్డు మీద పురుగుల కోసం కూర్చునే రాత్రి పిట్టవి. దాని కంటి మీద లైటు పడితే ఎర్రగా వెలుగుతుంది. మనవాళ్ళ వింతకు హద్దు లేదనడానికి 2017లో విశాఖపట్నం సాక్ష్యం. కట్టడం పనిలో బయటపడ్డ గుడ్లగూబ పిల్లలు నిటారుగా నిలబడి చూస్తుంటే, గ్రహాంతరవాసులని ఆ వీడియో దేశమంతా తిరిగింది. తాతల కాలంలో చెట్టు మీద కూస్తే అపశకునమని తిట్టుకున్న పిట్టే అది. తిట్టుకున్నా, గుర్తుపట్టేవాళ్ళు.

2020 చివర్లో నిజంగానే పులి వచ్చింది. ఆ నవంబరులోనే ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దరిని చంపింది. ఆ వెనకే భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లోనూ అడుగుజాడలు కనబడ్డాయన్న వార్తతో పొలాలకు పోవడానికే జనం జంకారు. అటవీ శాఖ జాడలు కొలిచింది, కెమెరాలు కట్టింది. అప్పుడు మాత్రం దాన్ని ఎవరూ వింత జంతువనలేదు. పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయంలో మొసళ్ళున్నాయని తెలిసినవాళ్ళు అక్కడ నీటిలో ఏది కదిలినా భూతమనరు. పేరు తెలిసిన జంతువుతో జాగ్రత్తపడటం కుదురుతుంది.

నన్నడిగితే ఈ అడవిలో అన్నిటికన్నా భయపెట్టవలసింది ఎలుగుబంటి. దానికి పులికున్నంత పేరు లేదు. వేసవి మొదట్లో ఇప్పపూలు రాలతాయి. తెల్లవారుజామున, చీకటి విడకముందే ఆడవాళ్ళు గంపలతో చెట్ల కిందికి పోతారు. ఎలుగుకూ ఇప్పపువ్వంటే ప్రాణం, అదీ ఆ వేళకే వస్తుంది. దాని చూపు మందం. మనిషి బాగా దగ్గరికి వచ్చాక గానీ తెలుసుకోదు. తెలిశాక వెనక కాళ్ళ మీద లేచి నిలబడుతుంది. నల్లటి బొచ్చు, తెల్లటి మూతి, రొమ్ము మీద తెల్లచార, మనిషంత ఎత్తు. మసక వెలుగులో దాన్ని చూసి ‘అడవి మనిషి’ అనుకున్నవాడిని తప్పుపట్టలేం. అది గోళ్ళతో ముందు మొహాన్నీ తలనూ చీరుతుంది. అందుకే ఇప్పపూలకు నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ పోవాలంటారు. పులి కబురుకు కెమెరాలు వస్తాయి, విలేకరులు వస్తారు. ఎలుగు చీరిన మనిషిని మాత్రం గూడెం వాళ్ళే మంచం మీద మోసుకుని రోడ్డు దాకా తెచ్చుకోవాలి.