పాటలు సరే, మాటలేవీ?

5.1 సినిమాలో మాటలు చాలావరకు మధ్య స్పీకర్‌లోంచే రావాలి. మా ఇంట్లో రాలేదు. కంప్యూటర్‌ని పాత ఆంప్లిఫయర్‌కి కలిపి, గది చుట్టూ స్పీకర్లు పెట్టించాం. పాటలు అదిరిపోయేవి. మాటలొచ్చేసరికి ఏదో గొణుగుడు! ‘నాకు చెవుడొచ్చేసిందిరా’ అంటూ అమ్మ హాల్లోకి రావడమే మానేసింది. ‘మాకూ వినబడట్లేదమ్మా’ అంటే, తనని ఓదార్చడానికి అంటున్నామనుకుంది.

ఓ ఆదివారం కంప్యూటర్‌లో స్పీకర్ల టెస్ట్ నొక్కాను. ఒక్కోటీ వరసగా మోగాలి. మధ్యది మోగాల్సినప్పుడు మూలనున్న సబ్ వూఫర్ మూలిగింది. బరువైన శబ్దాలు తప్ప పలకలేని పెట్టె అది, మాటలేం పలుకుతుంది పాపం!

కంప్యూటర్ వెనక నారింజ రంగు రంధ్రంలోని వైరే ఈ రెండింటికీ శబ్దాన్ని మోస్తుంది. అవతలి కొసన ఎరుపు, తెలుపు పిన్నులుగా చీలుతుంది. ఏది దేనికన్నది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. రెంటినీ అటుదిటు మార్చానంతే, ‘ఎవర్రా ఆ పిల్లనలా తిడుతున్నది?’ అంటూ వంటింట్లోంచి అమ్మ వచ్చేసింది.

హెచ్‌డీఎంఐ ఉంటే అన్నిటికీ ఒకటే కేబుల్, ఈ తంటా లేదు. మా ఆంప్లిఫయర్‌కి అది లేదు. పండక్కి బూజు దులిపేవాళ్లు వైర్లు పీకేస్తారు కదా, తెల్ల పిన్నుకి ప్లాస్టర్ చుట్టి ‘మధ్య’ అని రాసిపెట్టాను.