ఒకదానికి వేల ముళ్లు... ఇంకోదానికి రెండే!

తిరుచెందూరు స్వామిని దర్శించుకుని కన్యాకుమారి బయల్దేరే తెలుగువాళ్లకి కొదవలేదు. ఆ చుట్టుపక్కలే ఎర్రటి ఇసుక దిబ్బలుంటాయి. ‘తేరి’ అంటారక్కడ. కుదిరైమొళి తేరిలో తాటిచెట్లు, పొదలు, అడుగేస్తే జారిపోయే ఇసుక... అంతే. చూడ్డానికేముంది అనుకుంటాం. పొద్దుగూకాక ఉంది!

చీకటిపడితే ముళ్లెలి బయటికొస్తుంది. తమిళంలో ఆ మాటకి ముళ్ల ఎలుక అని అర్థం. నిజానికి ఎలుక జాతే కాదు. మద్రాస్ హెడ్జ్‌హాగ్ అనే ఈ జీవి దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా లేదు. మన ఆంధ్రలోనూ కనిపించింది. పురుగుల్నీ తేళ్లనీ తింటుంది. అలికిడైతే ముడుచుకుని ముళ్ల బంతైపోతుంది. నక్క మూతి పెట్టడానికి జంకుతుంది. కానీ లారీ జంకదుగా! రోడ్డు మధ్యలో పారిపోకుండా ముడుచుకోవడమే దాని ప్రాణం మీదికొస్తోంది. పైగా పిల్లల కోరింతదగ్గుకి దాని ముళ్లు మందని పల్లెల్లో నమ్మకం.

కన్యాకుమారి దాటి కేరళ సరిహద్దు వైపు వెళ్తే తూత్తూరు. లోతు సముద్రపు సొరల్ని గాలాలతో పట్టడంలో ఈ ఊరివాళ్లది అందెవేసిన చెయ్యి. వాళ్లకి చిక్కేవాటిలో గల్పర్ షార్క్ ఒకటి. వందల మీటర్ల లోతులో, చీకట్లో తిరుగుతుంది. పెద్ద పెద్ద ఆకుపచ్చ కళ్లు. వీపు మీది రెండు రెక్కల ముందూ చెరో ముల్లు. దీన్నీ మందు కోసమే పడతారు. కాలేయం నిండా ఉండే నూనె నుంచి తీసే స్క్వాలీన్ సౌందర్య సాధనాలకీ మందులకీ పనికొస్తుంది. చిక్కేమిటంటే, ఇది కాన్పుకి ఒకటో రెండో పిల్లల్నే కంటుంది. మాల్దీవుల్లో 1980లలో ఈ వేట జోరందుకుని, కొన్నేళ్లకే చేపలు దొరకడం తగ్గిపోయింది.

అలాగని తూత్తూరు వాళ్లని తప్పుపట్టడానికి నోరు రాదు. 2017 నవంబరులో ఓఖీ తుపానుకి సముద్రంలో చిక్కుకుని తిరిగిరానివాళ్లు ఈ తీరంలో ఎందరో.

ముళ్లెలి కోసం 2025లో తమిళనాడు ప్రభుత్వం పరిరక్షణ పథకం చేపట్టింది. తేరి దారుల్లో రాత్రిపూట వెళ్తే బండి నెమ్మదిగా నడపండి, ఎదురుపడొచ్చు. గల్పర్‌ని చూడాలంటే మాత్రం కొచ్చి వెళ్లాలి. తూత్తూరు పడవలు చాలావరకు సరుకు దింపేది అక్కడి తోప్పుంపడి హార్బరులోనే.