ఒరే, నీది!

బాల్ బ్యాడ్మింటన్ గురించి హైదరాబాదులో ఎవరికైనా చెప్పాలంటే "షటిల్ కాదు" అని మొదలుపెట్టాలి. ఈకలుండవు. పసుపుపచ్చ ఉన్ని బంతి, అడ్డంగా కొలిస్తే 5 సెంటీమీటర్లు, బరువు 30 గ్రాములు కూడా ఉండదు. కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. జట్టుకి ఐదుగురు: ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, మధ్యలో ఒకడు. తంజావూరు రాజకుటుంబం 1856 ప్రాంతంలో మొదలుపెట్టిందంటారు గానీ, నాకు తెలిసినంతలో ఇది హైస్కూలు గ్రౌండ్ల ఆట. రెండు గడలు, ఒక నెట్టు, గీతలకి కాస్త సున్నం ఉంటే చాలు. షటిల్‌కి నాలుగు గోడలు కావాలి, లేకపోతే గాలి ఎత్తుకుపోతుంది. మా కోనసీమలో గాలి లేని సాయంత్రం ఎక్కడ దొరుకుతుంది? అందుకని ఉన్ని బంతి. 1970లో ఈ ఆటకి అర్జున అవార్డు అందుకున్న పిచ్చయ్యగారు వరంగల్‌లో ఉండేవారు. ఆయన పేరు మా పీఈటీ మాస్టారు రోజుకోసారైనా తలుచుకునేవారు. ఇప్పుడు నా టీమ్‌లో ఒక్కరికీ తెలీదు.

నేను ఆరో తరగతి నుంచి కాకినాడలో ఇంజినీరింగ్ అయ్యేదాకా ఆడాను. చివరిసారి ఆడింది 2008లో. తర్వాత ఉద్యోగం, బెంగళూరు, హైదరాబాదు, కుర్చీ. పద్నాలుగేళ్ళు బ్యాటు ముట్టుకోలేదు. కరోనా మొదలయ్యాక ఇంటికొచ్చి వర్క్ ఫ్రమ్ హోమ్‌లో రెండేళ్ళున్నా ముట్టుకోలేదు. అది అటక మీద, చెక్క ప్రెస్‌లో బిగించి, అలాగే ఉంది. చెక్క వంకర తిరక్కుండా నాలుగు మూలలా మరలు బిగిస్తాం కదా, ఆ ప్రెస్.

మళ్ళీ ముట్టుకోవడానికి కారణం ఆట మీద ప్రేమ కాదు, ఇంటర్నెట్ లేకపోవడం.

2022 మే నెలని మా వైపు వాళ్ళు రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటారు. మే 15న బ్యాంకాక్‌లో మనవాళ్ళు ఇండోనేషియాని 3-0తో ఓడించి థామస్ కప్ గెలిచారు. 1949లో మొదలైన ఆ పోటీలో మనకదే మొదటి కప్పు. అందులో రెండో మ్యాచ్ డబుల్స్. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, ముంబై చిరాగ్ శెట్టి కలిసి మొదటి గేమ్ పోగొట్టుకుని, 18-21, 23-21, 21-19తో లాక్కొచ్చారు. ఆ రోజు మా వీధిలో టీవీ లేని ఇల్లు లేనట్టుంది, అరుపులు అలా వినపడ్డాయి. సరిగ్గా తొమ్మిది రోజులకి, మే 24న, అదే అమలాపురం తగలబడుతూ టీవీలో కనపడింది. అంతకు ముందు నెలలోనే కొత్తగా పుట్టిన జిల్లాకి అంబేద్కర్ పేరు చేర్చాలన్నది ప్రభుత్వ నిర్ణయం. దాన్ని వద్దంటూ మొదలైన ఊరేగింపు మంత్రిగారి ఇంటికీ ఎమ్మెల్యేగారి ఇంటికీ నిప్పంటించేదాకా వెళ్ళింది. నూట నలభై నాలుగో సెక్షన్ పెట్టారు. నెట్ ఆపేశారు.

జిల్లాకి ఆ పేరు పెడితే నాకు ఏమీ అభ్యంతరం లేదు. ఉండడానికి కారణమేమిటో కూడా నాకు అర్థం కాలేదు. కానీ ఆ మాట ఇంట్లో అంటే అన్నం దగ్గర అందరూ నిశ్శబ్దమైపోయే రోజులవి.

నాలాంటి వాళ్ళు లాప్‌టాప్ పట్టుకుని ఎదుర్లంక వంతెన దాటి యానాం వైపు వెళ్ళి, సిగ్నల్ తగిలిన చోట కూర్చుని పని చేసుకునేవాళ్ళు. నేను రెండు రోజులు వెళ్ళాను, మూడో రోజు సెలవు పెట్టాను. రోహిణీ కార్తె. పదకొండింటికల్లా ఇల్లు కొలిమి. తెల్లవారుజామున ఐదుకి మెలకువ వచ్చేసింది, చూసుకోవడానికి ఫోన్లో ఏమీ లేదు. అటకెక్కాను.

గ్రౌండ్ మా హైస్కూలుదే. ఊరికీ పేటకీ మధ్యలో ఉంటుంది. పేట అంటే ఏమిటో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకీ తెలిసే ఉంటుంది. అక్కడ గోడకేసి బంతి కొడుతున్న మనిషి నేను వెళ్ళేసరికే ఒకడున్నాడు. మా సెంటర్. జట్టులో మధ్యన ఆడేవాడు కాబట్టి సెంటర్. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరూ వాడలేదు. నేను బ్యాక్ రైట్. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా వాడి వీపు చూస్తూనే ఆడాను. బీపీఈడీ చేసి ప్రైవేటు స్కూల్లో కాంట్రాక్టు పీఈటీగా ఉండేవాడు. కరోనాలో స్కూలు మూశారు, మళ్ళీ తెరిచినప్పుడు వీణ్ణి పిలవలేదు. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారి దగ్గర లారీకి కాయ లెక్క పెట్టే పనిలో చేరాడు. ఆ వారం లారీలూ కదల్లేదు.

"బాగున్నారాండి?" అన్నాడు.

ఆ "అండి" కొత్తది కాదు. రెండేళ్ళుగా పాల కేంద్రం దగ్గర కలిసినప్పుడల్లా అదే. మా కోనసీమ మాటలో అండీ, ఆయ్ లేని వాక్యం ఉండదు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు అనుకోవచ్చు. కానీ ఏడేళ్ళు "ఏరా" అన్నవాడు "మీరు" అంటున్నాడంటే అది యాస కాదు. నాకు తెలుసు, వాడికీ తెలుసు.

నలుగురు గుమిగూడకూడదని ఆర్డరు. ఇద్దరం గుంపు కాదు. నెట్టు కట్టాం.

మొదటి రోజు సంగతి చెప్పుకోవాల్సిందేమీ లేదు. బంతి బ్యాటు చెక్కకి తగిలి పక్కకి పోవడం, నేను బంతికంటే ముందో వెనకో ఉండడం, ఇరవై నిమిషాలకి ఆయాసం. రెండో రోజు భుజం ఎత్తలేకపోయాను. మూడో రోజు ఒక విచిత్రం జరిగింది. వాడు కొట్టిన ఎత్తు బంతిని నేను వదిలేశాను. ఎందుకు వదిలేశానో తెలీదు. అది వెనక గీతకి జానెడు అవతల పడింది. చెయ్యి ఇంకా తిరగలేదు, కాలు కదల్లేదు, కానీ 'ఇది అవుట్' అని కంటికి తెలిసిపోయింది. ఆ తర్వాత నాలుగైదు రోజులకి కట్ వచ్చింది. ఈ ఆటకి ప్రాణం కట్. బంతి కింద నుంచి బ్యాటుని కోసినట్టు లాగితే గట్ ఉన్నిని పట్టుకుని తిప్పుతుంది, అవతలవాడి దాకా మామూలుగానే వెళ్ళి వాడి బ్యాటు మీద వంకర తిరుగుతుంది. చిన్నప్పుడు అది రావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు తొమ్మిది పొద్దుటిపూటలు. ఎగిరి కొట్టే స్మాష్ మాత్రం రాలేదు, రాదు కూడా. మోకాళ్ళు ఒప్పుకోవు. అనుభవంతో ఓపిక పెరిగి బంతి కోసం ఆగుతున్నానని నన్ను నేను మెచ్చుకుందామనుకున్నాను. అసలు సంగతి పరిగెత్తలేకపోవడం.

దీన్ని అందరూ మజిల్ మెమరీ అంటారు. కండకి జ్ఞాపకం ఉండదు, జ్ఞాపకమంతా తలలోనే. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన 1885లోనే, అర్థం లేని అక్షరాలు తనే బట్టీ పట్టి, మర్చిపోయి, మళ్ళీ పట్టి లెక్కలు వేశాడు. పూర్తిగా మర్చిపోయామనుకున్నది కూడా రెండోసారి నేర్చుకునేటప్పుడు తక్కువ టైమ్‌లో వస్తుంది. ఆ మిగిలిన టైమ్‌ని ఆయన పొదుపు అన్నాడు. నాకు అంతకంటే ఎక్కువ నచ్చే కథ అమెరికాలో హెచ్.ఎం. అని పిలిచిన ఒక రోగిది. మూర్ఛ తగ్గించడానికి 1953లో మెదడుకి ఆపరేషన్ చేస్తే కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు అతని చేత, చేతిని అద్దంలో మాత్రమే చూస్తూ, నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయించింది. మూడు రోజులు. రోజురోజుకీ గీత చక్కబడింది. కానీ ఆ పని ఇంతకు ముందు చేసినట్టు అతనికి ఏ రోజూ తెలీదు. అంటే చేతికి తెలిసినది మనిషికి తెలియనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి ప్రతిదానికీ బ్యాకప్, రిస్టోర్ అనేస్తాం. ఇది అది కాదు. రిస్టోర్ చేస్తే పాతది ఉన్నదున్నట్టు రావాలి. ఇక్కడ కన్ను ముందొచ్చింది, చెయ్యి తర్వాతొచ్చింది, కాళ్ళు రాలేదు. చిరిగిన పుస్తకంలా, ఏ పేజీ దొరికితే ఆ పేజీ.

రెండో వారంలో కాస్త సడలించారు. సాత్విక్‌కి వీరాభిమానులైన ఇద్దరు పదో తరగతి కుర్రాళ్ళు షటిల్ బ్యాట్లు వేసుకుని వచ్చి మమ్మల్ని వింతగా చూశారు. ఉన్ని బంతితో ఒక గేమ్ ఆడదామన్నాం. వాళ్ళిద్దరూ అటు, మేమిద్దరం ఇటు. మేం ఆడిన రోజుల్లో గేమ్‌కి 29 పాయింట్లు. ఇప్పుడు 35 అని సెంటరే చెప్పాడు. వాడు లెక్కలు మానలేదు. కుర్రాళ్ళు బంతిని నెట్టుకీ మా తలల పైకీ కొట్టుకుంటూ కాసేపట్లో అలవాటు పడ్డారు. వయసు కదా, ఎక్కడ వేసినా చేరుకునేవాళ్ళు. పాయింట్లు దగ్గర పడ్డాయి. అప్పుడు మా ఇద్దరి మధ్యలోకి ఒక బంతి వచ్చింది. ఎవరు తీసుకోవాలో తెలియని చోటు, ప్రతి జట్టుకీ ఉండే చోటు.

"ఒరే, నీది!" అన్నాడు సెంటర్, వెనక్కి చూడకుండా.

కొట్టాను. పాయింట్ వచ్చింది. వాడు ఏమన్నాడో వాడు గమనించినట్టు లేదు. ఆ గేమ్‌లో ఇంకో పదిసార్లన్నా అన్నాడు. "ఎహె, వదిలెయ్‌రా", "వెనక్కెళ్ళు, వెనక్కెళ్ళు". ఒకసారి మా అమ్మ వినకూడని మాట కూడా. గేమ్ అయ్యింది, గెలిచాం, వాడు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "రేపు వస్తారాండి?" అన్నాడు.

నేను హెచ్.ఎం. గురించి రాసింది ఇందుకే.

ఇక్కడ ఆగి, ఆట మనుషుల్ని కలుపుతుంది అని రాసేయొచ్చు. మన క్రీడా వ్యాసాలన్నీ అక్కడికే చేరతాయి. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. మా జట్టు ఐదుగురిలో ముగ్గురం ఊళ్ళోవాళ్ళం, ఇద్దరు పేటవాళ్ళు. అది ఎవరి ఆదర్శమూ కాదు, మాస్టారికి పనికొచ్చిన చేతులు అవి. ఆట అయ్యాక మంచినీళ్ళకి ఎవరి దారి వాళ్ళది. జోనల్స్ గెలిచి కప్పు తెచ్చిన రోజు కూడా సెంటర్ మా అరుగు దాకా వచ్చి, నిలబడి, మా నాన్నకి కప్పు చూపించి వెళ్ళిపోయాడు. కూర్చోమని మా ఇంట్లో ఎవరూ అనలేదు, వాడూ ఎదురుచూడలేదు. సున్నం గీత లోపల ఉన్నది గీత బయటికి ఒక్క అడుగు రాలేదు. అయితే లోపల ఉన్నదీ అబద్ధం కాదు. ఏడేళ్ళపాటు రోజుకి రెండు గంటలు "నీది", "నాది" అనుకోవడం మాట వరసకి అనుకోవడం కాదు. ఒక్క క్షణంలో అవతలివాడి మీద పూర్తిగా వదిలెయ్యాలి, లేకపోతే బ్యాట్లు ఢీకొంటాయి.

నెట్ వచ్చాక, ఆంక్షలు పోయాక, ఐదుగురం కలిసి ఒక్కసారి ఆడదామని నాకు పురుగు తొలిచింది. ఒకడు కువైట్‌లో ఉన్నాడు. రెండోవాడు, పేట కుర్రాడు, రాజమండ్రిలో సెటిలయ్యాడు, ఆదివారమైతే వస్తానన్నాడు. ఇక మా ఫ్రంట్ లెఫ్ట్. వాడిల్లు మా ఇంటికి నాలుగిళ్ళవతల. "ఇప్పుడెందుకురా, అంతా సద్దుమణగనీ" అన్నాడు. ఎప్పటికి సద్దుమణుగుతుందని అడిగాను. "నువ్వు హైదరాబాదు పోతావు. మేం ఇక్కడ ఉండాలి" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అమ్మ కూడా, "నాన్నా, పొద్దున్నే ఆ గ్రౌండ్‌కి ఎందుకురా, ఎవరేమంటారో" అనేది, అంటూనే మజ్జిగ చెంబు గుమ్మం దగ్గర పెట్టేది. ఒక చెంబే. గ్లాసులు రెండు పెట్టడం జూన్‌లో ఎప్పుడో మొదలైంది. ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ ఆగస్టులో ఆఫీసుకి రమ్మన్నారు, వచ్చేశాను. గచ్చిబౌలిలో మా అపార్ట్‌మెంటు వెనక వుడ్ ఫ్లోర్ షటిల్ కోర్టులున్నాయి, గంటకింత. నాకు అక్కడ ఆట రాలేదు. షటిల్ చివర్లో ఆగిపోతుంది, నా చెయ్యి ఉన్ని బంతికోసం ముందే వెళ్ళిపోతుంది. మా మేనేజరు గోల్ఫ్ నేర్చుకుంటున్నాడు, టైగర్ వుడ్స్ పద్నాలుగేళ్ళ తర్వాత 2019లో మళ్ళీ మాస్టర్స్ గెలిచిన వీడియో చూపించి, "చూశావా, క్లాస్ ఈజ్ పర్మనెంట్" అంటాడు. నిజమే కావచ్చు. కానీ గోల్ఫ్‌లో బంతి కదలకుండా కూర్చుని ఉంటుంది, పక్కనుంచి నీదిరా అనేవాడు ఎవడూ ఉండడు.

సెంటర్‌కి నెలకోసారి ఫోన్ చేస్తాను. ఫోన్లో "చెప్పండి" అంటాడు. ఒకసారి ఉండబట్టలేక, కోర్టులో ఒరే అంటావు కదరా, ఇదేంటి అని అడిగేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అన్నానాండి?" అన్నాడు.

పండక్కి నాలుగు రోజులు వెళ్తున్నాను. వేరే ఊళ్ళో లైట్ల కింద డబుల్స్ ఉన్నాయట, ముప్పై ఐదు దాటినవాళ్ళకి విడిగా పెడుతున్నారు, పేర్లు ఇచ్చేశానన్నాడు. మంచు పడితే బంతి బరువెక్కుతుంది కాబట్టి ఎనిమిది లోపు మ్యాచ్ పడాలి. నా బ్యాటు గట్ రెండు చోట్ల తెగింది. అమలాపురంలో గట్ అల్లే ముసలాయన పని మానేశాడు. కాకినాడ పంపాలంటున్నారు.