మూగబోయిన మెట్లు

శ్రీరామనవమి ఇంకా రెండు రోజులుందనగా, పెద్దముడియంలో మా ఇంటికి భజన మందిరం కీబోర్డు రిపేరుకు వచ్చింది. ఎప్పుడో 1990లలో సెకండ్ హ్యాండులో కొన్న 61 మెట్ల పెట్టె. "అక్కడక్కడా మెట్లు పలకల్యాదు అబ్బీ" అన్నాడు హార్మోనియం వాయించే పెద్దాయన.

మా ఊళ్లో ఆ మాట వింటే నా చేయి ముందు స్పిరిట్ సీసా మీదికే పోయేది. నల్లరేగడి దుమ్ము, శనగ నూర్పిళ్ల పొట్టు, ఏ పెట్టె విప్పినా ఇవే. మెట్టు కింద రబ్బరు పట్టీ, దాని అడుగున కందిగింజంత నల్లటి కార్బన్ చుక్క. నొక్కినప్పుడు ఆ చుక్క బోర్డు మీది రెండు గీతలను కలపాలి. మధ్యలో దుమ్ము పొర చేరితే కలపలేదు. ఆ రాత్రంతా కూర్చుని చుక్కలన్నీ దూదితో తుడిచాను. బిగించి చూస్తే మళ్లీ అవే మెట్లు మూగ.

తెల్లారి పెద్దాయన వచ్చి ఎడమ చివర నుంచి ఒక్కో మెట్టూ నొక్కుకుంటూ పోయాడు.

"మూడోది, పదకొండోది, పంతొమ్మిదోది... ఎనిమిదికొకటి పోతాంది సూడు."

నా ఒళ్లు జల్లుమంది. 61 మెట్లకు 61 జతల తీగలుండవు. ప్రొద్దుటూరు మగ్గాల మీది పడుగూ పేకలా ఎనిమిది నిలువు గీతలు, ఎనిమిది అడ్డగీతలు. ఆ 16తోనే చిప్పు 64 మెట్ల దాకా గుర్తుపడుతుంది. ఎనిమిదికొకటి పోయిందంటే తప్పు మెట్లది కాదు, వాటన్నిటికీ ఉమ్మడి అయిన ఒక గీతది. ఏళ్ల తరబడి మెట్ల మీద నడిచిన వేళ్లకు అందిన ఆ లెక్క నాకు అందలేదు. ఆ రోజు నుంచి ఏ బోర్డయినా ముందు లెక్కపెట్టి, తర్వాతే విప్పుతున్నాను.

మల్టీమీటరు ఒక కొన చిప్పు కాలి మీద ఆనించి, రెండోది ఆ గీత వెంబడి జరుపుతూ పోయాను. బోర్డు బిగించిన ఒక స్క్రూ దాకా బీప్ మంది, దాటగానే ఆగిపోయింది. భూతద్దం పెడితే అక్కడ పచ్చటి చిలుము, దాని కింద వెంట్రుకంత చీలిక. ఎప్పుడో తగిలిన చెమ్మ రాగిని తినేసింది. బ్లేడుతో పైపూత గీకి, రాగి మెరిసేదాకా రుద్ది, కరెంటు తీగలోంచి ఒక్క పోగు లాగి చీలిక మీదుగా టంకం పెట్టాను.

పెద్దాయన మూడో మెట్టు నొక్కాడు. పలికింది. పదకొండోది విడిగా నొక్కి చూడలేదు. కళ్లు మూసుకుని మోహన రాగం ఎత్తుకున్నాడు.