తుంగా, గరికా

కోస్తా నుండి ఉద్యోగరీత్యా భిలాయి చేరిన మాకు, క్వార్టరు ముందరి పచ్చికే మా ఊరిని తలపించేది. తొలకరి పడగానే అది ఏపుగా లేచేది. గరిక బాగా పెరిగినదని మురిసేవారము.

ఒక వినాయక చవితినాడు దోసెడు గరిక కోసి అమ్మగారికి అందించాము. శుక్లాలు కమ్మిన కన్నులతో ఆమె ఒక్కొక్క కాడను వ్రేళ్ల నడుమ దొర్లించి, సగము ప్రక్కన పెట్టారు.

"ఇది తుంగ నాయనా! మూడు అంచులు తగలడం లేదూ?"

నిజమే. తుంగ పూత కాడ త్రికోణాకారము, కణుపులుండవు. గరిక కాడ గుండ్రన. నేలపై ప్రాకుతూ కణుపు కణుపునా వేరు దించుతుంది.

మరునాటి నుండి తుంగను పీకనారంభించాము. కొద్ది రోజులకే మళ్లీ మొలిచేది. త్రవ్వి చూడగా, సన్నని తీగలతో గొలుసుకట్టుగా నల్లని దుంపలు! సువాసనగల ఆ తుంగముస్తలు ఆయుర్వేదంలో ఔషధము. పైన పీకితే తీగ తెగి, లోపల మిగిలిన దుంప తిరిగి మొలకెత్తుతుంది. యంత్రశాలలో లోపానికి మూలము వెదకమని పిల్ల ఇంజనీర్లకు బోధించే మేము, ఇంటి ముందర ఆకులు పీకుతూ కూర్చున్నాము!

అమ్మగారు నేడు లేరు. చవితి వచ్చినప్పుడల్లా మనుమరాలి వ్రేళ్ల నడుమ ఒక కాడ ఉంచి, "అంచులెన్ని?" అని అడుగుతుంటాము. మీ పచ్చికలోనూ ఒకసారి పరీక్షించి చూడండి.