నది మీద కాలువ

కర్నూలు వచ్చినవారందరూ కొండారెడ్డి బురుజు చూస్తారు. పాఠకులు ఒక గంట మిగుల్చుకొని హంద్రి వైపు కూడా వెళ్ళాలని నా మనవి. అక్కడ కింద ఏరు, పైన కాలువ! సుంకేసుల దగ్గర తుంగభద్రను విడిచి కడప దాకా సాగే కె.సి. కాలువ, వంతెన మీదుగా హంద్రిని దాటిపోతుంది. 1860 ప్రాంతాల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ పంటలకూ పడవలకూ కలిపి దీన్ని తవ్వించింది. గిట్టుబాటు గాక 1882లో ప్రభుత్వానికి అప్పగించింది. పడవలు పోయాయి, పంటలు మిగిలాయి.

1996లో జపాను అప్పు కుదిరిన తర్వాత పెద్ద మరమ్మతు జరిగింది. చాలాచోట్ల కాలువ లోపల సిమెంటు పరిచారు. గట్టున నడుస్తూ, "ఎంత నున్నగా ఉంది!" అన్నాను. మేకలు తోలుకొస్తున్న పెద్దాయన నవ్వలేదు.

"నున్నగానే ఉంది, అయివోరూ. ముందు కాలవ పారితే మా బాయి ఊరుతుండె. ఇప్పుడు నీళ్లు చూస్తుండంగనే ఎల్లిపోతాయి. తాగను దిగితే మేకకు కాలు నిలవదు."

"మరి కడప దిక్కున చివరి మడికి నీళ్లు అందవద్దా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "అందల్ల. వాళ్లూ రైతులే గదా! మా బాయి సంగతి గూడ ముందే ఒక మాట అడిగింటే బాగుండు."

నాకు జవాబు తోచలేదు. పాత కట్టడం బాగుచేసేటప్పుడు రాయికీ సిమెంటుకూ లెక్కలు వేస్తాం. గట్టును నమ్ముకున్న బావినీ, చెట్టునూ, మేకనూ ఆ లెక్కలోనే చేర్చడం అంత కష్టమా?